సిద్ధమనసు అయ్యగారు

ఆయన పోయిన వార్త ఒక క్రైస్తవ సంఘపత్రిక ప్రూఫులో నా చేతికి వచ్చింది. యాభై ఆరో సంవత్సరం, హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త రోజులు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక చిన్న ప్రెస్సులో నేను ప్రూఫ్ రీడర్‌ని. నల్ల గీతల పెట్టెలో నాలుగు వాక్యాల సంతాపం. సిద్ధమనస్సు గల సేవకుడని, ఎవరు పిలిచినా అందరికంటే ముందు లేచి నిలబడినవాడని రాశారు. ఒక్క అచ్చుతప్పు కూడా లేదు. అందుకే ఇంకా చిరాకేసింది. దిద్దడానికి ఏమీ దొరకలేదు.

ఆయన్ను మట్టిచేసేనాడు నేను వెళ్ళలేదు. మా కంపోజిటర్ దానేలు మాత్రం వెళ్ళాడు. అసలు పేరు దానియేలు, మాకు దానేలు. అక్షరాలు ఏరి పేర్చడంలో పట్నంలో అతన్ని మించినవాడు లేడని మా యజమానే అనేవాడు. మర్నాడు పనికొచ్చినప్పుడు, "నువ్వెందుకు పోయినవన్నా" అని అడిగాను.

"మోసెటోళ్ళు తక్కువున్నరన్నరు. పోయిన" అన్నాడు.

అక్షరాల పెట్టె ముందుకు వెళ్ళి పనిలో పడ్డాడు. ఆ రోజంతా ఆ పోయిన మనిషే నా కళ్ళముందు తిరుగుతూనే ఉన్నాడు.

ఆయన పేరు రాయను. అబిడ్స్‌లో ఆయన చుట్టాలు ఇంకా ఉన్నారు. అదీగాక ఆ పేరుతో ఆయన్నెవరూ పిలవలేదు. గ్రీకు అయ్యగారు అనేవాళ్ళు. పాదిరి కాదు. బెంగుళూరు వైపు ఎక్కడో రెండేళ్ళు వేదాంతం చదివి, మూడో ఏడు చదవకుండానే తిరిగొచ్చాడు. ఎందుకు వచ్చేశారని అడిగితే, ఇక్కడ సేవకు పిలుపు వచ్చిందనేవాడు. ఆ పిలిచిందెవరో నాకు తెలిసినంతలో ఎవరికీ తెలియదు. తండ్రి కట్టిన బంగళాలో సగం కిరాయికిచ్చి, మిగతా సగంలో ఉండేవాడు. మే నెలలో కూడా బూడిదరంగు ఉన్ని కోటు వేసుకునేవాడు. చేతిలో గొడుగు. కోటు జేబులో చిన్న నోటుపుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు.

ఆ పెన్సిలు సంగతి ముందు చెప్పాలి. ఎవరైనా ఏదైనా సాయం కావాలని నోరు తెరిస్తే చాలు, మాట పూర్తికాకముందే ఆ పుస్తకం బయటికి వచ్చేది. పెన్సిలు మొన నాలుక మీద తడి చేసుకుని, "ఏ రోజు? ఎన్ని గంటలకు?" అని రాసుకునేవాడు. రాసుకున్నాక కళ్ళు మూసుకుని ఒక్క క్షణం తలవంచేవాడు. అక్కడితో ఆయన వరకు ఆ పని అయిపోయినట్టే. అవతలి మనిషి మాత్రం సంతోషంగా ఇంటికి పోయి ఎదురుచూడ్డం మొదలుపెట్టేవాడు.

సంఘంలో పేర్లు రాయమని కాగితం తిప్పితే మొదటి పేరు ఆయనదే. దవాఖానలో రోగుల్ని చూడ్డానికి ఎవరు పోతారంటే కుర్చీలోంచి సగం లేచేవాడు. సగమే. ఆ సగం లేవడంలో ఆయనకెంత నేర్పుందంటే, చూసేవాళ్ళకు అప్పుడే దవాఖాన దాకా నడిచి వెళ్ళినట్టుండేది. ఎవరైనా పోతే పెట్టె మోయడానికి ముందుకొచ్చేవాడు. నేను కళ్ళారా రెండుసార్లు చూశాను. పెట్టె మీద చెయ్యేసి, తలవంచి, గేటు దాకా నడిచేవాడు. గేటు దగ్గర బూటులో రాయి పడిందని పక్కకు జరిగేవాడు. రెండుసార్లూ రాయే.

ఒకసారి బడిపిల్లల్ని పబ్లిక్ గార్డెన్స్‌కి తీసుకుపోయారు. అబిడ్స్ బేకరీ నుంచి బన్నులు తెచ్చే పని ఆయన తీసుకున్నాడు. ఎవరూ అడగలేదు, తనే తీసుకున్నాడు. దానేలు బిడ్డ కూడా ఆ పిల్లల్లో ఉంది. అందుకని నేనూ దానేలూ వెంట వెళ్ళాం. పదింటికి రావాల్సిన బన్నులు పన్నెండైనా రాలేదు. చిన్నపిల్లలు ఆకలికి గడ్డిలో పడుకున్నారు. తల్లులు తాము తెచ్చుకున్న రొట్టెలు, పులిహోర తుంచి అందరికీ తలా ఇంత పెట్టారు. ఒంటిగంటకు ఆయన వచ్చాడు. చేతిలో గొడుగుంది, బన్నులు లేవు. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, ఆ రోజు పొద్దున నాలుగింటికే తనకు మెలకువ వచ్చిందని, మీ అందరి మొహాలు కళ్ళకు కట్టాయని, సంతోషంతో మళ్ళీ నిద్రే పట్టలేదని చెప్పాడు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. తర్వాత, "ఏమన్నా మిగిలిందా అమ్మా?" అని ఒకామెను అడిగి, ఆమె తన కోసం దాచుకున్న పులిహోర తిన్నాడు. మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

ఇలాంటి మనిషి దగ్గరకు నేనెందుకు వెళ్ళేవాణ్ణంటే దానికి కారణం మా యజమాని. మాది నల్లగొండ వైపు పల్లె. రజాకార్ల గొడవల్లో పంట, ఇల్లు వదిలేసి పట్నం వచ్చి, వచ్చిన నాలుగు తెలుగు ముక్కలతో ఈ పనిలో కుదిరాను. మా ప్రెస్సుకు క్రైస్తవుల కరపత్రాలు, పాటల పుస్తకాలు చాలా వచ్చేవి. నాకేమో ఆ మాటలు కొత్త. ఆదివారం మధ్యాహ్నాలు ఆ అయ్యగారి బైబిలు క్లాసుకు పోతే తప్పులు తగ్గుతాయని యజమాని పంపాడు. దానేలు ఎలాగూ పోతాడు, అతనితో కలిసి పొమ్మన్నాడు. అబిడ్స్‌లో ఒక చర్చి వెనక రేకుల గది. మామూలుగా పదిమంది వచ్చేవాళ్ళు. టీ ఇచ్చేవాళ్ళు.

నలభై తొమ్మిది జూన్‌లో ఒక ఆదివారం. పొద్దున్నుంచీ వాన. క్లాసుకు ఇద్దరమే వచ్చాం, దానేలూ నేనూ. నిజానికి ఇంత వానలో ఆయన కూడా రాడనుకున్నాం. కానీ ఆయన పొద్దుటి ప్రార్థనకు వచ్చి, వానకు అక్కడే చిక్కుకుపోయి ఉన్నాడు. మమ్మల్ని చూసి మొహం వెలిగిపోయింది. బోర్డు మీద సుద్దముక్కతో గ్రీకు అక్షరాలు రాశాడు. రేకుల మీద వాన మోతకు గొంతు పెంచి, "ప్రొథుమియా" అని అరిచినట్టే చెప్పాడు.

ఒప్పుకోవాలి, ఆ మాటను ఆయన బాగా చెప్పాడు. ఆయన జీవితంలో బాగా చేసిన పని అదొక్కటే. ప్రొ అంటే ముందు. థుమోస్ అంటే లోపలి మంట. కొన్నిచోట్ల అదే మాటకు కోపమని అర్థం. మనిషి లోపలి మంట మనిషికంటే ముందు బయల్దేరిపోవడం ప్రొథుమియా. మన బైబిల్లో ఒకచోట ఆసక్తి అన్నారు, ఇంకోచోట సిద్ధమైన మనస్సు అన్నారు, రెండూ సరిపోవు అన్నాడు. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఐదుసార్లే వస్తుందట. బెరయ అనే ఊరివాళ్ళు వాక్యం కోసం ఎలా ఎగబడ్డారో చెప్పాడు. తర్వాత పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరానికి వచ్చాడు. మనసు సిద్ధంగా ఉంటే చాలు, దేవుడు దాన్నే ఒప్పుకుంటాడని రెండు చేతులూ చాచి చెప్పాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

దానేలు చెయ్యెత్తాడు. "అయ్యగారూ, మనసు ముందుగాల పోతదన్నరు. మరి మనిషి ఎప్పుడు పోతడు?"

"మంచి ప్రశ్న" అన్నాడాయన. "కానీ దానియేలూ, ముందు మనసు సంగతి చూద్దాం."

రెండింటికి మొదలైన క్లాసు ఆరింటి దాకా సాగింది. ఎనిమిది పేజీల చిన్న పుస్తకంగా ఇదంతా రాస్తానని, మా ప్రెస్సులోనే అచ్చేయిస్తానని చెప్పాడు. వాన తగ్గాక దానేలూ నేనూ కలిసి నాంపల్లి దాకా నడిచి, స్టేషన్ దగ్గర విడిపోయాం.

మంగళవారం పొద్దున పోలీసులు ప్రెస్సుకు వచ్చారు.

ఉస్మాన్‌గంజ్ గోడల మీద నిషేధంలో ఉన్న పార్టీ కరపత్రాలు అంటించి ఉన్నాయట. అందులో ఒక విరిగిన శకారం ఉంది. మా టైపులో ఉన్న విరిగిన శకారమూ అదీ ఒకటే. ఆదివారం మధ్యాహ్నం మూడింటి నుంచి ఐదింటి దాకా మూసిన ప్రెస్సులో మిషను చప్పుడు విన్నానని ఎదురుగా ఉన్న పాన్ డబ్బావాడు చెప్పాడు. తాళంచెవులు రెండు. ఒకటి యజమాని ఇంట్లో, ఒకటి దానేలు దగ్గర. దానేలును తీసుకుపోయారు. ఆ కరపత్రాలు ఎవరు అచ్చేశారో నాకు ఇప్పటికీ తెలియదు. దానేలు మాత్రం కాదు. ఆదివారం మూడింటి నుంచి ఐదింటి దాకా అతను ఆ రేకుల గదిలో ప్రొథుమియా వింటున్నాడు.

మధ్యాహ్నానికి దానేలు భార్య సుగుణమ్మ ప్రెస్సుకు వచ్చింది. యజమాని లోపలికి రానివ్వలేదు, వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడాడు. నేను బయటికి వెళ్ళాను. ఆమె ఏడవడం లేదు. "తమ్మీ, ఆదివారం ఆయన అయ్యగారి తాన్నే ఉండె గదా?" అంది.

"ఔ వదినా, ఆయన తాన్నే ఉండె. పద, అయ్యగారి ఇంటికి పోదాం" అన్నాను.

నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా నడిచి పోయాం. ఆయన వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. సుగుణమ్మ సగం చెప్పేసరికే లేచాడు. ఈసారి పూర్తిగా లేచాడు. "పదండి. నేను సిద్ధం" అన్నాడు. కోటు వేసుకున్నాడు. గొడుగు తీసుకున్నాడు. మెట్లు దిగి, తోట దాటి, గేటు దాకా వచ్చాడు. సుగుణమ్మ కొంగు కళ్ళకద్దుకుంది. అప్పటిదాకా ఆమె కళ్ళు తడవడం నేను చూడలేదు.

గేటు గడియ మీద చెయ్యి పెట్టి ఆగాడు. "ఇప్పుడు ఎన్నిగంటలు? మూడా? అధికారి ఈ వేళకు ఉండడమ్మా. రేపు పదింటికి లకిడీకాపూల్ దగ్గర పోలీసు ఆఫీసు ముందు కలుద్దాం" అన్నాడు. నోటుపుస్తకం తీశాడు. పెన్సిలు తడి చేసుకున్నాడు. రాసుకున్నాడు. కళ్ళు మూసుకుని తలవంచాడు.

మర్నాడు పది నుంచి ఒంటిగంట దాకా లకిడీకాపూల్‌లో ఆ ఆఫీసు ఎదురుగా నిలబడ్డాం. సుగుణమ్మ చేతిలో దానేలు కోసం జొన్నరొట్టెల మూట ఉంది. వచ్చేపోయే ప్రతి రిక్షా వైపూ చూసేది. దూరంగా బూడిదరంగు కోటు కనబడితే రెండడుగులు ముందుకు వేసేది. ఆయన రాలేదు. సాయంత్రం నేనొక్కణ్ణే ఇంటికి వెళ్తే మామిడిపండు తింటూ ఉన్నాడు. "పొద్దున ఆరింటికే నా మనసు అక్కడికి వచ్చేసింది నాయనా" అన్నాడు. "శరీరమే సహకరించలేదు. తలనొప్పి. రేపు తప్పకుండా."

రేపు కూడా రాలేదు. ఆ సాయంత్రం, తను వచ్చి నిలబడ్డం కంటే ఒక కాగితం రాసిస్తే బలంగా ఉంటుందన్నాడు. నా ఎదుటే రాయడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషులో మొదటి వాక్యం రాసి, కొట్టేసి, ఇంకో మాట పెట్టి, దాన్నీ కొట్టేశాడు. సరైన మాట దొరకాలన్నాడు. రేపు టైపు చేయించి, తనే స్వయంగా తెచ్చి ఆఫీసులో ఇస్తానన్నాడు. సుగుణమ్మ మూడో రోజు కూడా వెళ్ళి నిలబడింది. నేనూ వెళ్ళాను. నాలుగో రోజు బంగళాలో ఆయన వాటాకు తాళం వేసి ఉంది. ఏవో ప్రార్థన కూటాలకు పిలుపు వచ్చిందని బళ్ళారి వెళ్ళాడని, కిరాయికున్నవాళ్ళు చెప్పారు.

ఆ మూడో రోజున సుగుణమ్మ ఎదురుచూసి చూసి, మూట నా చేతికిచ్చి, తనే ఆ ఆఫీసులోకి పోయింది. ఆమెకు చదువు రాదు. ఆ ఆఫీసరు ఎక్కడో మద్రాసు వైపు నుంచి వచ్చినవాడు, ఆమె మాట సరిగా అర్థం కాలేదట. అయినా విన్నాడట. అరగంటకు బయటికొచ్చింది.

"ఆదివారం నాడు ఆయనతోని ఆడ ఉన్నోళ్ళు ఎవరన్నా వచ్చి చెప్తే రాసుకుంటనన్నడు తమ్మీ" అంది.

నేనామె మొహంలోకి చూడలేకపోయాను. "పెద్దమనిషి మాటైతెనే వింటరు వదినా. అయ్యగారు రావాలె" అన్నాను.

పెద్దమనిషి అన్న మాట ఆ ఆఫీసరుది కాదు. అది నాది.

ఇది చదువుతున్నవాళ్ళకు ఈపాటికి ఒక ప్రశ్న వచ్చే ఉంటుంది. దానికి జవాబులు నా దగ్గర చాలా ఉండేవి. నాది నల్లగొండ. ఆ రోజుల్లో నల్లగొండ అని చెబితే చాలు, పార్టీవాడివా అని అడిగేవాళ్ళు. మా పెదనాన్న కొడుకు అప్పటికే అడవిలో ఉన్నాడు. నేను క్రైస్తవుణ్ణి కాను, బైబిలు క్లాసులో నీకేం పనంటే ఏం చెప్పాలి? నేను అదే ప్రెస్సులో పనిచేసేవాణ్ణి, నన్నూ పక్కన కూర్చోబెడితే? ఇవన్నీ నిజాలే. ఒక్కటి కూడా కల్పించింది కాదు. ఆ ఆఫీసుకు ఎదురుగా మూడు రోజులు ఆమె పక్కనే నిలబడ్డాను. రోడ్డు మాత్రం దాటలేదు.

వారం తిరక్కముందే దానేలును జిల్లా జైలుకు మార్చారు. తర్వాత ఇంకా దూరం పంపారు. ప్రెస్సులో అతని చోట ఇంకొకణ్ణి పెట్టారు. సుగుణమ్మ కోఠిలో ఒక డాక్టరమ్మ ఇంట్లో వంటకు కుదిరింది. బిడ్డ బడి మానింది.

ఆగస్టులో అయ్యగారు తన పుస్తకం రాతప్రతి పట్టుకుని ప్రెస్సుకు వచ్చాడు. దానేలు కనబడకపోతే, "ఇంకా రాలేదా?" అని అడిగాడు. సెలవు మీద ఊరెళ్ళినవాణ్ణి అడిగినట్టు. యజమాని ఏదో గొణిగాడు. ఆయన తల ఆడించి, "ఎంత ప్రార్థించానో" అన్నాడు.

ఆ ఎనిమిది పేజీలు నేనే దిద్దాను. అట్ట మీద గ్రీకు అక్షరాలు రావాలన్నాడు. ఆ అక్షరాలు మా దగ్గర లేవంటే, మద్రాసు నుంచి రేపే తెప్పిస్తానని నోటుపుస్తకంలో రాసుకున్నాడు. అవి రాలేదు. అట్ట మీద ఆ చోటు ఖాళీగా వదిలి అచ్చేశాం. ప్రతి కాపీలో తనే సిరాతో రాస్తానన్నాడు. పది పన్నెండు రాశాడేమో. మిగతావన్నీ నడుమ తెల్లటి ఖాళీతోనే బయటికి పోయాయి.

ప్రూఫు దిద్దుతూ ఒకటి గమనించాను. ఐదుచోట్ల వస్తుందన్న మాటకు నాలుగుచోట్లే వివరణ ఉంది. యజమాని బల్ల మీదున్న బైబిలు తీసి చూశాను. కొరింథువాళ్ళకు రాసిన రెండో ఉత్తరం, ఎనిమిదో అధ్యాయం. ఆయన రెండు చేతులూ చాచి చెప్పింది పన్నెండో వచనం. వదిలేసింది పదకొండోది. యెరూషలేములో పేదలకు సాయం చేస్తామని ఆ సంఘంవాళ్ళు ఏడాది కిందట ఎగబడి ఒప్పుకున్నారు. ఒప్పుకుని ఊరుకున్నారు. అప్పుడు మనసుపడ్డ పనిని ఇప్పుడు చేసి ముగించండి అని పౌలు వాళ్ళకు రాస్తున్నాడు. ఆ మాట వచ్చింది అందుకోసం. ప్రూఫు అంచున, "పదకొండో వచనం?" అని రాసి పంపాను.

రెండు రోజుల తర్వాత ప్రూఫు తిరిగొచ్చింది. నా ప్రశ్న పక్కన ఆయన పెన్సిలుతో ఒకే మాట రాశాడు. స్థలాభావం.

ఆఖరి పేజీలో సగం ఖాళీగా ఉంది.

మనుషుల్ని అసహ్యించుకోవడం ఎలాగో నాకు అప్పటిదాకా సరిగా తెలియదు. ఆ మాటతో తెలిసింది. ఆయన అబద్ధాలకోరు అయివుంటే ఇంత మండేది కాదు. గేటు దాకా వచ్చినప్పుడు ఆయన నిజంగానే వస్తున్నాడు. వస్తాననుకునే కోటు వేసుకున్నాడు. ఆ వేడిని, ఆ కన్నీటిని తనే అనుభవించి, తనే తృప్తిపడి, ఇంక చెయ్యాల్సింది ఏమీ మిగల్లేదనుకున్నాడు. ఎదుటివాడి కష్టం ఆయనకు ఒక రుచి. మామిడిపండు తిన్నట్టే దాన్నీ తిన్నాడు. ఆ తర్వాత రెండేళ్ళు ఆయన అబిడ్స్‌లో ఎదురైతే నేను అవతలి పక్కకు దాటిపోయేవాణ్ణి. ప్రెస్సుకు వచ్చేవాళ్ళందరికీ ఈ కథ చెప్పేవాణ్ణి. బన్నుల సంగతి, రాళ్ళ సంగతి చెప్పి నవ్వించేవాణ్ణి. లకిడీకాపూల్‌లో మూడు రోజులు నిలబడ్డ సంగతి చెప్పి వాళ్ళ కళ్ళు ఎర్రబడేలా చేసేవాణ్ణి. ఆ చెప్పడంలో నేను ఆమె పక్కన నిలబడ్డ మంచివాణ్ణి.

యాభై ఒకటి చివర్లో, ఎన్నికలు వస్తున్నాయనగా జైళ్ళలో ఉన్నవాళ్ళను చాలామందిని వదిలారు. దానేలు కూడా వచ్చాడు. బుగ్గలు పీక్కుపోయాయి. చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. కొత్త కంపోజిటర్ పని బాగాలేక యజమాని మళ్ళీ అతన్నే పిలిచాడు. వచ్చిన మొదటిరోజు టైపు పెట్టెల ముందు నిలబడి, ఒక్కో గడిలో వేలు పెట్టి, అక్షరాలు ఎక్కడివి అక్కడే ఉన్నాయా అని చూసుకున్నాడు. విరిగిన శకారం ఇంకా అందులోనే ఉంది. తీసి కిటికీలోంచి బయట పారేశాడు.

ఒక సాయంత్రం ఇద్దరం అబిడ్స్‌లో నడుస్తుంటే బేకరీ ముందు అయ్యగారు ఎదురయ్యాడు. నేను పక్కకు లాగబోయాను. ఆయన అప్పటికే చేతులు చాచి వచ్చేశాడు. "దానియేలూ" అని కావలించుకున్నాడు. నడిరోడ్డులో ఏడ్చాడు. "ఆ రోజు నేను సిద్ధంగా ఉన్నాను. గేటు దాకా వచ్చాను. నీ భార్యను అడుగు" అన్నాడు.

"చెప్పింది అయ్యగారూ" అన్నాడు దానేలు. "మీ పుస్తకం అచ్చయిందట గదా. అందరు సదివిన్రా?" అని అడిగాడు.

ఆయన మొహం వెలిగింది. రెండో ముద్రణ వేయిస్తున్నానని, ఈసారి దానేలే కంపోజు చెయ్యాలని, రేపే రాతప్రతి తెస్తానని నోటుపుస్తకం తీశాడు. విచిత్రమేమిటంటే ఆ రాతప్రతి మాత్రం మర్నాడు పదింటికల్లా వచ్చింది. తన పుస్తకం గనక వచ్చింది.

దానేలు ఆ పని తీసుకున్నాడు. నేను తట్టుకోలేకపోయాను. అతను ఎడమచేతిలో కంపోజింగ్ స్టిక్ పట్టుకుని, కుడిచేత్తో అక్షరాలు ఏరి ఒక్కో లైనూ పేరుస్తున్నాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని, ఆ రెండున్నరేళ్ళుగా అందరికీ చెప్పిందంతా అతనికి కూడా మొదలుపెట్టాను.

"అసలు మనిషేనా దానేలన్నా ఆయన? మూడు దినాలు నిలబెట్టిండు వదినను. మామిడిపండు తినుకుంట కూసున్నడు. ఒక్క మాట చెప్పడానికి ఆయనకేం పోయింది? నేనే గనక నీ జాగాల ఉంటే ఈ కాగితాలు ఆయన మొహం మీదనే కొట్టేటోన్ని. నువ్వేమో ఆయన పుస్తకమే పేరుస్తున్నవ్."

అతను లైను మధ్యలో ఉన్నాడు. తలెత్తలేదు. "ఆయన రాకపోతె రాకపాయె" అన్నాడు. "నువ్వెందుకు పోలె?"

గొంతులో కోపం లేదు. ఈ పేజీకి ఏ సైజు టైపు వాడాలని అడిగినట్టే అడిగాడు.

నల్లగొండ సంగతి చెప్పాలని నోరు తెరిచాను. పెదనాన్న కొడుకు సంగతి, నా మాటకు విలువ లేని సంగతి, అన్నీ వరసగా నాలుక మీదికి వచ్చాయి. ఎదురుగా అతని వేళ్ళు ఆగకుండా అక్షరాలు ఏరుతున్నాయి. ఒకటి, ఇంకొకటి, మధ్యన ఖాళీముక్క, మళ్ళీ ఒకటి.

"భయమైంది" అన్నాను.

"ఔ. భయమైతది" అన్నాడు.

లైను పూర్తిచేశాడు. బిగుతుగా ఉందో లేదో బొటనవేలితో నొక్కి చూశాడు. అప్పుడు నావైపు తిరిగాడు.

"భయమైతున్నదన్న గీ మాట మీ ఇద్దరిట్ల ఎవ్వరన్న మొదటి దినమే చెప్పుంటే, సుగుణ ఇంకెవరి కాళ్ళన్న పట్టుకునేది. మూడు దినాలు గాడ నిలబడకపోయేది."

అతను నా జవాబు కోసం చూడలేదు. స్టిక్కులో తర్వాతి లైను మొదలుపెట్టాడు. నేను అప్పటిదాకా అయిన పేజీ ప్రూఫు తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్ళి కూర్చున్నాను. చీకటిపడే దాకా ఆ కాగితం నా ఒళ్ళోనే ఉంది. ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.